అక్షరం కడుపులో తెలుపు

కిందటి వారం సోమసుందరం మాస్టారిని ఏలూరు పవర్‌పేటలో ఒక మేడ మెట్ల మీద వదిలేసి వచ్చాం. మోకాలు పట్టేసింది. మొహం ఎర్రబడింది. ఒక చేతిలో గొడుగు, రెండో చేతిలో సంచి. రెండు మెట్లు కిందగా భార్య సీతాలక్ష్మి. ఆయన అంత ఎండలో అక్కడిదాకా ఎందుకొచ్చాడో గుర్తున్నవాళ్లు నేరుగా పైకి వెళ్లిపోవచ్చు. గుర్తులేనివాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క నిమిషం ఈ మెట్టు మీదే ఆగండి.

పెంటపాడు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరైన సోమసుందరం, ఫ్లెక్సీలు రాకముందు తాడేపల్లిగూడెంలో సగం దుకాణాలకి బోర్డులు రాశాడు. మిగిలిన సగం ఎవరు రాశారని అడిగితే, అవి బోర్డులే కావంటాడు. మెయిన్ రోడ్డు మీది బట్టల కొట్టు బోర్డుకైతే ఆ రోజుల్లోనే సభ పెట్టి ఆయనకి శాలువా కప్పారు. ఇప్పుడు ఏలూరు అమ్మాయి స్పందన, కంప్యూటర్‌కి తెలుగు అక్షరాలు తయారుచేసే పిల్ల, గూడెం నుంచి ఆకివీడు దాకా తిరిగి పాత బోర్డుల ఫొటోలు తీసింది. వాటిలోంచి ఒక కొత్త ఫాంటు పుట్టిస్తోంది. రాసిన మనిషి పేరే ఆ ఫాంటుకి పెడతానంది. ఇంకేముంది, 'సోమసుందరం' అన్న పేరు రేపో మాపో దేశమంతా తిరుగుతుందని మాస్టారు వీధిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు. తీరా చూస్తే ఆ అమ్మాయి పెట్టబోతున్న పేరు 'అబ్బులు'. ఆకివీడులో చేపల లారీల మీదా, కొల్లేటి పడవల మీదా పేర్లు రాసుకునే అబ్బులు!

అసూయకి మందు లేదంటారు. మాస్టారికి కావలసింది మందు కాదు, సాక్ష్యం. ఫాంటుకి మూలమైన ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ బోర్డు తన అక్షరం చూసి కొట్టిన కాపీ అని తేల్చేసి, తన పేరు తాను తెచ్చుకుందామని స్పందన పనిచేసుకునే ఈ మేడగదికి బయల్దేరాడు. సాక్ష్యంగా బీరువాలోంచి ఆ శాలువా తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఇలాంటి చోట్లకి ఎన్నడూ రాని సీతాలక్ష్మి ఆ పొద్దున మాత్రం "నేనూ వస్తానండీ" అని ఆయన కంటే ముందే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు, అబ్బులు మీద కోపంతో ఊపిరాడటం లేదు.

ఇక పైకి పదండి.

స్పందన తలుపు తీసేసరికి ఎదురుగా కుర్చీలో అబ్బులే. చూసీ చూడగానే లేచి నిలబడ్డాడు. సన్నగా, నల్లగా, నిటారుగా ఉన్నాడు. మాస్టారి కళ్లు ముందు వెళ్లింది అతని జుట్టు మీదికి. తెల్లగా అయితే అయింది గానీ, తన నెత్తిమీంచి పోయిన జుట్టంతా పోయి వీడి నెత్తికే అంటుకున్నట్టు ఒత్తుగా ఉంది. దేవుడికి న్యాయం లేదనుకున్నాడు మాస్టారు.

"రండి మాస్టారూ, రండి. మోకాలెలా ఉందండి? మెట్లు శానా నిటారుగా ఉన్నాయండి ఇక్కడ" అన్నాడు అబ్బులు. తను కూర్చున్న కుర్చీనే తువ్వాలుతో దులిపి ముందుకి లాగాడు.

"నా మోకాలికేం, దివ్యంగా ఉంది" అన్నాడు మాస్టారు కుంటుకుంటూ వచ్చి కూర్చుని.

అబ్బులు మూలనున్న థర్మోకోల్ పెట్టె వైపు చూపించాడు. "కొర్రమీనండి. పొద్దున్నే పట్టించి ఐసు వేయించేను. ఎళ్లేటప్పుడు పట్టుకెళ్లాలండి. చెల్లెమ్మగారికిష్టం కదండీ."

చెల్లెమ్మగారా? మాస్టారు తల తిప్పి సీతాలక్ష్మిని చూశాడు. ఆవిడ గోడ వైపు చూస్తోంది. ఇన్నేళ్ల కాపురంలో బజారు నుంచి ఏ చేప తెస్తే ఆ చేప వండింది గానీ, తనకి ఫలానాది ఇష్టమని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. ఆయన అడిగిందీ లేదు. మరి ఈ లారీల అబ్బులుకి ఆ కబురెవరు చెప్పారు? పుండు మీద కారం చల్లినట్టయింది మాస్టారికి. అయితే తగువు మధ్యలో చేపల గురించి అడిగితే చులకనైపోతామని పళ్లు బిగించి ఊరుకున్నాడు.

సీతాలక్ష్మి చూస్తున్న గోడ నిండా అక్షరాలే. ఒక్కొక్కటీ మనిషంత. ఐసు ఫ్యాక్టరీ బోర్డు మీది అక్షరాలని పెద్దవి చేసి, నల్లగా ప్రింటు తీసి అతికించింది స్పందన. తలకట్టు పైకెగిరిన క, కొమ్ము మెలితిరిగిన పు, ఒత్తుని చంకన వేసుకున్న ఫ్యా. అన్నింటికీ మధ్యలో ఒంటరిగా ర. బోర్డులు రాసేవాళ్లకి ర ఒక పరీక్ష. చూడటానికి సున్న చుట్టి తలకట్టు పెట్టినట్టే ఉంటుంది, కానీ దాచుకోవడానికి అందులో ఇంకేమీ లేదు. చెయ్యి వణికితే వణికినట్టే కనపడుతుంది.

స్పందన కాఫీలు తెచ్చి పెట్టింది. జుట్టు పైకి ముడేసి ముడిలో పెన్సిలు దోపుకున్న సన్నటి పిల్ల. "మాస్టారూ, ఫోన్లో మీరు కోప్పడ్డారు. కోప్పడితే పడ్డారు గానీ, మీ మాట పూర్తిగా వినలేదని నాకే బాధేసింది. ఇప్పుడు చెప్పండి. ఈ అక్షరాల్లో మీదేది?"

మాస్టారు ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాడు. గొడుగు ఎత్తి ర నెత్తిన ఆనించాడు.

"అదిగో, ఆ తలకట్టు. పిల్లకాయలకి పాతికేళ్లు బోర్డు మీద వేసి చూపించేను. అక్షరానికి తల, మెడ, పొట్ట, తోక ఉంటాయి. తలకట్టు అందరూ కాకి వాలినట్టు పెడతారు. నేను అలా పెట్టను. ఎడమ పక్క కాస్త దింపి, కుడి పక్క కొడవలి మొనలాగా లేపుతాను. ఈ జిల్లాలో అలా లేపింది మొట్టమొదట నేను. కావాలంటే ఇతన్నే అడుగు, ఎక్కడ నేర్చుకున్నాడో."

"మాస్టారి దగ్గరే నేర్చుకున్నానండి" అన్నాడు అబ్బులు వెంటనే. "ఆయ్, గూడెం ఎళ్లినప్పుడల్లా ఆరి బోర్డుల కింద నిలబడి చూసేవోణ్ణండి. ఆ తలకట్టు మాస్టారిదేనమ్మా, అందులో రెండో మాట లేదు."

తగువుకొచ్చినవాడికి ఎదుటివాడు ఒప్పేసుకోవడం కంటే అవమానం ఇంకోటి ఉండదు. మాస్టారు సంచిలోంచి శాలువా సగం పైకి తీసినవాడు, దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. నాఫ్తలీను వాసన గదంతా కొట్టింది.

"తలకట్టు మీదేనని నాకూ తెలుసండీ" అంది స్పందన మెల్లిగా. "కానీ తలకట్టు తలపాగా లాంటిది. ఒకరిది చూసి ఒకరు చుట్టుకోవచ్చు. మనిషిని పట్టిచ్చేది అది కాదు. నేను చూసేది లోపల."

"లోపలేముంది? ఖాళీ" అన్నాడు మాస్టారు.

"ఆ ఖాళీయేనండీ. నల్లగీత మధ్యలో మిగిలే తెలుపు. గీత వేసేటప్పుడు మనసు గీత మీద ఉంటుంది, సరిచేసుకుంటాం, సోకులు చేస్తాం. లోపల మిగిలే తెలుపు మీద ఎవరి ధ్యాసా ఉండదు. అందుకే చేతి తీరంతా అక్కడే బయటపడుతుంది."

బల్ల మీద ఒక నల్లటి అట్ట పరిచింది. డబ్బాలోంచి తెల్లటి కాగితం ముక్కలు తీసి వరసగా పేర్చింది. ర లోపలి తెలుపు, డ లోపలి తెలుపు, ఠ లోపలిది, బ లోపలిది. కత్తెరతో ఎంతో ఓపిగ్గా కత్తిరించి పెట్టుకుంది. గుండ్రంగా లేదు ఏదీ. అన్నీ కోడిగుడ్డు ఆకారం. అన్నీ ఎడమ పక్కకి ఒరిగి, సన్నటి కొస కింది మూలకి చూస్తూ ఉన్నాయి. ఒకే కోడి పెట్టిన గుడ్లలా ఉన్నాయి.

"ఈ ఒరుగుడు వల్లే అక్షరం నడుస్తున్నట్టుంటుంది. నేను ఫాంటు చేద్దామనుకున్నదే దీన్ని చూసి" అంది స్పందన. "ఇప్పుడు మీరిద్దరూ ఒక్కో ర రాయండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు."

గోడకి రెండు రేకులు చేరేసి ఉన్నాయి. పక్కన నల్ల ఎనామిల్ పెయింటు డబ్బా, బ్రష్షులు. మాస్టారు మోకాలి సంగతి మరిచిపోయి, శాలువా భుజాన వేసుకుని లేచాడు. బ్రష్షు పట్టుకుని ఎన్నాళ్లయిందో! వెంట్రుకలు నలిపి చూసుకుని, రంగులో ముంచి, డబ్బా అంచుకి రాసి, ఊపిరి బిగపట్టి ఒక్క చుట్టు చుట్టాడు. తలకట్టు లేపాడు. కొస దగ్గర ఇసుమంత వణికింది గానీ, ర అంటే ర. వెనక్కి జరిగి చూసుకుని, సీతాలక్ష్మి చూస్తోందా అని చూశాడు. చూస్తోంది. కానీ ఆయన ర వైపు కాదు, అబ్బులు చేతి వైపు.

అబ్బులు తీరిగ్గా, పడవ పక్కన నీళ్లలో నిలబడి రాస్తున్నంత నిదానంగా రాశాడు. అతని ర కూడా ర అంటే ర. చూస్తుంటే మాస్టారికి కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది, ఎందుకంటే అది బాగుంది.

స్పందన కాగితం గుడ్డు తెచ్చి మాస్టారి ర కడుపులో పెట్టింది. సరిపోలేదు. ఆయన లోపలి తెలుపు రూపాయి బిళ్లలా గుండ్రంగా, నిటారుగా ఉంది. తరవాత అబ్బులు ర లో పెట్టింది. దగ్గరికొచ్చింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"ఊహూఁ" అంది స్పందన.

మాస్టారు కళ్లు తెరిచాడు.

"గుడ్డు ఆకారం వచ్చింది గానీ ఒరగలేదు. చూసి దింపినట్టుంది. అబ్బులుగారూ, ఇది మీదీ కాదు."

"నాది కాదని ముందే చెప్పేనుగా అమ్మా" అన్నాడు అబ్బులు. "నువ్వొచ్చిన మొదటి రోజునే చెప్పేను. ఇందులో నాదేం లేదమ్మా అని. మళ్లీ మొన్నా చెప్పేను."

స్పందన నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నేను వినయం అనుకున్నానండీ!"

ఈ మాటకి మాస్టారు నవ్వేశాడు. అబ్బులు పేరు కొట్టుకుపోయింది, అది చాలు. తన పేరు సంగతి తరవాత చూసుకోవచ్చు. తనకి రాకపోయినా పరవాలేదు గానీ పక్కవాడికి రాకుంటే పరమానందం అనుకునే మనుషుల్లో మన మాస్టారు ఒకడు. మంచివాడే, కానీ ఆ ఒక్క సుగుణం మాత్రం నిండుగా ఉంది.

"మరెవరు రాసినట్టు? ఐసు ఫ్యాక్టరీవాళ్ల ఐసా?" అన్నాడు హుషారుగా.

"అదే నాకూ అంతు చిక్కలేదండీ. ఒకటి మాత్రం తెలుసు. ఆ బోర్డు దింపించి చూశాను. ఎంత చెయ్యి తిరిగినవాళ్లు రాసినా, నిలబెట్టిన రేకు మీద ఎక్కడో ఒకచోట రంగు కిందికి జారుతుంది. దాని మీద జారిన చుక్క ఒక్కటీ లేదు. కింద పరిచి, పక్కన కూర్చుని రాశారు. ఎడమ పక్క కింది మూల కూర్చున్నారు. అటు గీత దగ్గర కాబట్టి లావుగా పడింది. అవతలి గీతకి చెయ్యి చాచాలి, అందుకని సన్నబడింది. లోపలి తెలుపు కూర్చున్న మనిషి వైపు ఒరిగిపోయింది."

స్పందన డబ్బాలోంచి ఇంకో కాగితం ముక్క తీసింది. "ఇంకో చిత్రం ఉందండీ మాస్టారూ. మొదట మీరే రాశారేమో అనుకున్నది దీన్ని చూసి. ఇది మీ బోర్డులోదే. గూడెం బట్టల కొట్టు బోర్డు." అని ఆ గుడ్డుని వరస చివర పెట్టింది. ఆ కోడిదే.

మాస్టారి నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. భుజాన ఉన్న శాలువా మీద చెయ్యి పడింది.

బట్టల కొట్టు బోర్డు ఎలా తయారైందో ఆ గదిలో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? పొద్దున్నే పెన్సిలుతో అక్షరాల అంచులు గీసి స్కూలుకి పోయేవాడు. సాయంత్రం వచ్చేసరికి వసారాలో పరిచిన రేకు మీద అక్షరాలు నల్లగా నిండి ఆరుతూ ఉండేవి. ఇంటావిడ ముగ్గులో రంగు నింపినట్టు నింపేది. ఆయన కింద మూలన 'సుందరం' అని సంతకం పెట్టేవాడు. ఇంట్లో అన్నం ఉడకడం ఎలాగో అక్షరం నిండటమూ అలాగే అనుకున్నాడు. పెన్సిలు గీత రంగు కింద మాయమైపోతుందనీ, జనం చూసేది రంగునే గానీ పెన్సిలుని కాదనీ ఆయనకి ఎన్నడూ తట్టలేదు.

"సీతా" అన్నాడు.

"ఏవండీ" అంది ఆవిడ. గోడ మీది ర ముందు నిలబడి ఉంది. చూపుడు వేలు గాలిలో ఆ గీత వెంట తిరుగుతోంది.

"బట్టల కొట్టు సంగతి సరే. అది మన వసారా. ఆకివీడు బోర్డుల మీద నీ చెయ్యేవిటి?"

ఆవిడ వేలు ఆగింది. "నేనే రాశానండీ" అంది, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే చెప్పినట్టు.

మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు. "ఇతని బోర్డులు? నువ్వు? ఎవరి పెరట్లో కూర్చుని రాశావు?"

"మా పెరట్లోనేనండి" అన్నాడు అబ్బులు. దాచడం చేతకాని మనిషి. "ఆ వానాకాలం నాకు కామెర్లు కమ్మేసినాయండి. లేచి కూర్చోలేను. ఒప్పుకున్న బోర్డులన్నీ ఆగిపోయినాయి. చెల్లెమ్మగారి పుట్టిల్లు మా పక్కిల్లే కదండీ. మా ఇంటిది రత్నమాణిక్యం ఎళ్లి ఏడిస్తే ఈవిడొచ్చి కూర్చున్నారు. నేను మంచం మీంచి చూస్తా ఉండేవోణ్ణి. మీరు నన్ను కాపీ కొట్టేనన్నారు, నిజమేనండి. తలకట్టు మీది కొట్టేను. మిగతా అక్షరమంతా ఈవిడ దగ్గర కొట్టేను. లేచేక ఈవిడ రాసినట్టు రాద్దామని ఇప్పటిదాకా చూస్తానే ఉన్నాను, రాదండి."

మాస్టారి కళ్ల ముందు ఒక బొమ్మ గీసినట్టు కనపడింది. ఆకివీడులో పెరడు. రేకు మీద వంగి సీతాలక్ష్మి. మంచం మీద అబ్బులు కళ్లప్పగించి చూస్తున్నాడు. రత్నమాణిక్యం కొర్రమీను పులుసు వడ్డిస్తోంది. ఆవిడ నవ్వుతోంది. ఆ నవ్వు తను ఎప్పుడైనా చూశాడా? ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రాలేదు. తన వసారాలో ఆవిడ రాస్తుండగా కూర్చుని చూసిన రోజు ఒక్కటీ లేదు. చూసినవాడు అబ్బులు. కామెర్లొచ్చిన పచ్చటి కళ్లతో చూశాడు వీడు. ఆ కళ్ల మీద మాస్టారికి పుట్టిన అసూయ ఇంతా అంతా కాదు.

"మీ అమ్మకి బాగాలేదని వెళ్లావు కదా ఆ వానాకాలం?"

"అక్కడ ఉన్నాను కాబట్టే రాశానండీ" అంది సీతాలక్ష్మి. అబ్బులు ఎందుకో నేల చూపులు చూశాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"చెప్పాను కదండీ. ఒకసారి పెన్సిలు గీత లేకుండా నేనే ఒక బోర్డు రాస్తాననడిగాను. ముగ్గు చెయ్యితో బోర్డు రాస్తే ఊరు నవ్వుతుందన్నారు. సరేలే అని ఊరుకున్నాను. ఊరు నవ్వుతుందో లేదో చూద్దామని ఆకివీడులో రాశాను. ఎవరూ నవ్వలేదండీ."

ఆవిడ ఈ మాట దెప్పుతున్నట్టు అనలేదు.

స్పందన ఒక కొత్త రేకు తెచ్చి గోడకి ఆనించబోయింది. "ఆంటీ, మీరొక్క ర..."

"కింద పరిచెయ్యమ్మా" అంది సీతాలక్ష్మి.

కొంగు నడుముకి దోపుకుని, రేకుకి ఎడమ పక్క కింది మూలన గొంతుక్కూర్చుంది. ఎడమ చెయ్యి నేల మీద ఆన్చింది. బ్రష్షు ముంచింది. గీత ఎక్కడ మొదలైందో మాస్టారికి తెలియలేదు, తెలిసేసరికి చుట్టు తిరిగి వచ్చేసింది. ఊపిరి బిగపట్టలేదు, వెనక్కి జరిగి చూసుకోలేదు. తలకట్టు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, భర్త వైపు చూసి, ఆయన లేపినట్టే కుడి పక్క లేపింది. ఆ చూపు మర్యాదో, ఎత్తిపొడుపో ఆయనకి బోధపడలేదు.

స్పందన కాగితం గుడ్డు తెచ్చి, తడి తగలకుండా మెల్లిగా అక్షరం కడుపు మీదికి దింపింది. మూత డబ్బాకి పట్టినట్టు పట్టేసింది. ఆ అమ్మాయికి కళ్లనీళ్లొచ్చాయి. అబ్బులు రెండు చేతులూ జోడించాడు.

మాస్టారు నిలబడి చూస్తున్నాడు. అబ్బులు మీద అసూయపడటం ఎంత హాయిగా ఉండేదో అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. అది బస్సెక్కి ఆకివీడు దాకా పోయి పడాల్సిన అసూయ. కాస్త తీరిక ఉంటుంది, మధ్యలో కాఫీ తాగొచ్చు. ఇది అలా కాదు. ఇది సాయంత్రం తనతోపాటే రైలు దిగుతుంది, తనకి అన్నం వడ్డిస్తుంది, పక్క మంచం మీద పడుకుంటుంది. సొంత పెళ్లాం మీద అసూయ! సిగ్గేసింది. సిగ్గేసినా మంట తగ్గలేదు. ఇంత అందమైన ర తన చేతికి ఎందుకు రాలేదు?

"ఫాంటు పేరు 'సీతాలక్ష్మి'" అంది స్పందన కళ్లు తుడుచుకుంటూ. "ఆంటీ, కాదనకండి."

సీతాలక్ష్మి మాట్లాడేలోపు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. వద్దు వద్దని మనసు లోపల నుంచి చొక్కా పట్టుకు లాగుతూనే ఉంది. నోరు వినలేదు.

"అదికాదమ్మాయ్. ఆ తలకట్టు నాదేనని మీరందరూ ఒప్పుకున్నారు. పెన్సిలు గీతా నాదే. ఇద్దరి చెయ్యీ ఉందన్నమాట. 'సీతాసుందరం' అని పెడితే? పలకడానికీ బాగుంటుంది."

స్పందన ముడిలోని పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకుంది. పేరు అడుక్కునేవాడి ముందు ఎటు చూడాలో చూసేవాళ్లకి తెలియదు. సీతాలక్ష్మి తల వంచుకుని బ్రష్షుని కిరసనాయిలు గిన్నెలో ముంచి కడుగుతోంది.

అబ్బులే ఉండబట్టలేకపోయాడు. "మాస్టారూ, ఇంక నావల్ల కాదండి. అమ్మా స్పందనా, ఐసు ఫ్యాక్టరీ బోర్డుని పట్టుకునే ఇంత ముచ్చట పడతన్నావు. దాని తాత లాంటి బోర్డు మా అటక మీద ఉంది. గోనెపట్టా కప్పి ఉంచేను. దాని మీద తలకట్టు కూడా మాస్టారిది కాదు. మొత్తం ఈవిడదే..."

"అన్నయ్యా, వద్దు!"

సీతాలక్ష్మి గొంతు అంత పైకి లేవగా మాస్టారు ఎన్నడూ వినలేదు. ఆ 'అన్నయ్యా' అన్న పిలుపు కూడా ఎన్నడూ వినలేదు. ఇంతకుముందు ఆమె పుట్టింటి పేరంటాల్లోనో పెళ్లిళ్లలోనో ఎదురైనప్పుడు 'అబ్బులుగారూ' అనే అనేది.

"చెప్పనని ఒట్టేశారు" అంది.

"ఒట్టేసేనమ్మా. అందుకే ఇన్నాళ్లు చెప్పలేదు. కానీ ఆ బోర్డు ఏ గుమ్మానికీ కట్టకుండా అటక మీద మగ్గిపోతంటే..." అబ్బులు తల కొట్టుకుని కూలబడ్డాడు.

"ఏం బోర్డది?" అన్నాడు మాస్టారు. "ఎవరి కొట్టుకి రాసింది?"

సీతాలక్ష్మి బ్రష్షు వెంట్రుకలు వేళ్ల మధ్య నొక్కి, నలుపు పిండింది. మళ్లీ ముంచింది. మళ్లీ పిండింది. నలుపు రావడం ఆగేదాకా ఉండి అప్పుడు చెప్పింది.

"నా కొట్టుకేనండీ. 'సీతాలక్ష్మి ఆర్ట్స్, ఆకివీడు'."

సీతాలక్ష్మి ఆర్ట్స్. సరే. ఆ ముక్క మింగడానికి కష్టమే, అయినా మింగొచ్చు. కానీ రెండో ముక్క గొంతులో అడ్డం పడింది. గూడెంలో కాపురం ఉన్న మనిషి ఆకివీడులో కొట్టు తెరుస్తుందా? తెరిచి, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రం తిరిగొస్తుందా?

"ఆకివీడా?" అన్నాడు. "గూడెం కాదూ?"

"కాదండీ."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. శాలువా జారి కింద పడింది. దాని అంచు తడి ర మీద పడబోతుంటే సీతాలక్ష్మే చటుక్కున పట్టుకుని, మడతపెట్టి, మళ్లీ ఆయన ఒళ్లో పెట్టింది.

"ఎప్పుడు రాశావది?" అన్నాడు.

"మీరు ఈ శాలువా కప్పించుకుని ఇంటికొచ్చిన మర్నాడు. అమ్మకి బాగాలేదని చెప్పి పెట్టె సర్దుకుని బస్సెక్కానే, ఆ రోజు." ఆవిడ చేతులు తుడుచుకుంది. "ఆ రోజుకి అమ్మ నిక్షేపంలా ఉందండీ."